నలభై ఎనిమిది మేకులు

ముందు చక్రం చప్పుడు వినిపిస్తుంది. వీధి మలుపులో మొదలవుతుంది. రాళ్ళు పరిచిన కాలిబాట మీద గుడగుడమంటూ, నాలుగడుగులకోసారి కీచుమంటూ, గుక్కపట్టి ఏడ్చే పిల్లలా కాసేపు ఆగి, మళ్ళీ గుడగుడమంటూ దగ్గరికొస్తుంది. ఈడ్చుకొచ్చే మనిషి ఇంకా కనపడడు. ఈలోగా గొడుగులు వేలాడే గుమ్మం వెనక, లోపలి మసకలోంచి ఒక గొంతు తీర్పు చెప్పేస్తుంది.

"ఎడమ చక్రం. ఇరుసు అరిగింది. వెంట్రుకలు కూడా చుట్టుకున్నాయి."

పెట్టె గుమ్మంలోకి తిరుగుతుంది. చూస్తే ఎడమ చక్రమే. ఇరుసు అరిగే ఉంటుంది. దాని చుట్టూ ఏ హోటలు గదిలోనో రాలిన ఎవరివో పొడుగు వెంట్రుకలు దారపుండలా బిగుసుకుని ఉంటాయి. ఈ చెవి తప్పింది ఒక్కసారేనని వీధిలో చెప్పుకుంటారు. ఆ రోజు వచ్చింది పెట్టె కాదు, ఐస్‌క్రీం బండి.

ఆ గొంతు గలావిణ్ణి వీధంతా జిప్పక్క అంటుంది. ఏభై అయిదేళ్ళు. పందొమ్మిదో ఏట సంచుల ఫ్యాక్టరీలో కుట్టు వరసలో కూర్చుంది. పన్నెండేళ్ళకు ఫ్యాక్టరీ మూతపడితే, తన కుట్టుమిషనూ ఒక డబ్బా నిండా జిప్పు పళ్ళు మూసే రన్నర్లూ తెచ్చుకుని ఈ తొమ్మిదడుగుల కొట్టు తెరిచింది. ముందు భాగంలో తమ్ముడు గొడుగులు బాగుచేస్తాడు, వచ్చినవాళ్ళతో మాట్లాడతాడు, పెట్టెలకు చీటీలు రాస్తాడు. అతన్ని వీధిలో సరేగారు అంటారు. ఎవరేమడిగినా ఆయన నోట్లోంచి ముందుగా వచ్చేది ఆ మాటే. ఏభై ఏళ్ళొచ్చినా "కుదరదు" అన్న మాట ఆయన పెదవుల మీద ఎవరూ చూడలేదు.

పెట్టెలు పదకొండు నెలలు అటకల మీద నిద్రపోతాయి. డిసెంబరు చివర్లో, సెలవులకు ఊరెళ్ళే ముందు రోజు, ఎవరో కుర్చీ వేసుకుని ఎక్కి వాటిని లాగుతారు. పిడి చేతిలోకి ఊడి వస్తుంది. జిప్పు సగం దూరం పోయి మొండికేస్తుంది. లోపల నిరుటి ఇసుక, జత తప్పిన మేజోడు, గడువు దాటిన జ్వరం మాత్రలు. అప్పుడు జిప్పక్క గుర్తొస్తుంది. జ్వరమొచ్చిన పిల్లను ఎత్తుకొచ్చినట్టు పెట్టెను ఎత్తుకుని పరుగెత్తుకొస్తారు. "రేపే ప్రయాణం. మీరే దిక్కు" అంటారు.

మీరే దిక్కు. ఇరవై నాలుగేళ్ళు ఆ రెండు ముక్కలు ఆవిడ్ని కట్టిపడేశాయి. ఆ మాట వింటే ఎక్కడో ఛాతీలో ఒక దీపం వెలిగేది. ఆ దీపానికి నూనె తనేనని చాలా కాలం తెలియలేదు.

ఆవిడకో అక్క ఉంది. రైల్లో ఏడు గంటల దూరంలో, సముద్రం ఒడ్డు ఊళ్ళో, రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. పిల్లలకు ఈత నేర్పేది, ఇప్పుడు మానేసింది. ఎనిమిదేళ్ళుగా, ఏడాది చివర పది రోజులకు చెల్లెలు వస్తుందని రెండో మంచం మీద దుప్పటి మార్చి ఉంచుతుంది. ఎనిమిదేళ్ళుగా చెల్లెలు టికెట్టు కొంటుంది, రద్దు చేసుకుంటుంది. "ఈ రెండు పెట్టెలు అయిపోతే బయల్దేరతానే" అని ఫోను. తర్వాత "రేపు". ఆ తర్వాత "వచ్చే ఏడాది తప్పకుండా."

నిరుడు డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం ఒక సంగతి జరిగింది. బయట జనం రంగు కాగితాల టోపీలు పెట్టుకుని పోతున్నారు. లోపల జిప్పక్క ఒక రన్నర్ని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. అది ఎటు నుంచి ఎక్కించాలో గుర్తురాలేదు. లక్షసార్లు ఎక్కించిన చెయ్యి అది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఆ చిన్న లోహపు ముక్క, నోరు తెరిచిన చేపపిల్లలా, ఆవిడనే చూస్తోంది. పావుగంట. ఎదురుగా ఇంకా తొమ్మిది పెట్టెలున్నాయి. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయని, అవి మోచేతి మీద పడ్డాక తెలిసింది.

ఆ రాత్రే అక్క ఫోన్ చేసింది. కోపంగా మాట్లాడలేదు. అదే భయం వేసింది.

"చిన్నదానా, ఒక మాట చెప్తా విను. వచ్చేసారి కూడా నువ్వు రాకపోతే, నేనిక రమ్మనను. ఆ రెండో మంచం ఎవరికైనా ఇచ్చేస్తా. ఖాళీ మంచానికి దుప్పటి మార్చి మార్చి నా చేతులు అలిసిపోయాయే."

"అక్కా, అలా అనకే…"

"తిట్టడం లేదు. చెప్తున్నా."

కొత్త సంవత్సరం మొదటి వారంలో జిప్పక్క ఒక చెక్కపలక కొట్టించింది. దాని మీద మేకులు దిగ్గొట్టింది. వరసకు ఆరు, ఎనిమిది వరసలు. నలభై ఎనిమిది. చేతులు వణక్కుండా, మధ్యాహ్నం అన్నం తిని, సాయంత్రం నాలుగింటికి కొట్టు కట్టేసేట్టయితే రోజుకు ఆరు పెట్టెలు చేయగలదు. ఇరవై నుంచి ఇరవై ఏడో తేదీ దాకా ఎనిమిది రోజులు. అంతే. వచ్చిన ప్రతి పెట్టెకూ ఒక చీటీ, ఒక మేకు. మేకులు నిండాక వచ్చిన పెట్టె వెనక్కి పోవాల్సిందే. పైవరస పని మొదటి రోజుది, కిందివరస చివరి రోజుది.

"ఇదేంటక్కా, ఆస్పత్రి వార్డులాగా?" అన్నాడు తమ్ముడు.

"వార్డే. రోగిని నేను."

"మరి నలభై తొమ్మిదో మనిషొస్తే ఏమని చెప్పాలి?"

"కుదరదని చెప్పు."

తమ్ముడు నోరు తెరిచి, ఆ మాట రుచి చూసినట్టు పెదవులు కదిపి, మళ్ళీ మూసుకున్నాడు.

డిసెంబరు వచ్చింది. పలక మొదటి మేకుకు ఆవిడ తగిలించిన చీటీ తన సొంత పెట్టెది. ఆకుపచ్చది, పిడి విరిగింది. ఎనిమిదేళ్ళుగా "నాదేముందిలే, చివర్లో చూసుకుందాం" అని మూల పడేసిన పెట్టె. ఇరవయ్యో తేదీ పొద్దున్న తొమ్మిదింటికి, ఊరి పెట్టెలన్నీ గోడవారగా చూస్తుండగా, దాని పిడి మార్చింది. దర్జాగా గుమ్మానికెదురుగా నిలబెట్టింది. వచ్చినవాళ్ళు దాన్ని చుట్టి రావాల్సిందే.

"ఇది ఎవరిదండీ, దారికడ్డంగా?"

"నాదేనండీ. అడ్డంగా ఉండడానికే పెట్టా."

మొదటి నాలుగు రోజుల్లోనే మేకులు నిండాయి. ఆ తర్వాత వచ్చినవాళ్ళు బతిమాలారు, అలిగారు, ఒకాయన కొట్టు ముందు పెట్టె మీదే కూర్చుని గంటసేపు నిరాహారదీక్షలాంటిది చేశాడు. జిప్పక్క లోపల్నుంచి మంచినీళ్ళిచ్చింది. పెట్టె మాత్రం తీసుకోలేదు. పైవరసలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే, పొద్దు వాలే వేళ పలక మీద మేకుల నీడలు పొడుగ్గా సాగి, కోసేసిన చేలో మిగిలిన మొదళ్ళలా కనపడేవి. నాలుగింటికి ఆవిడ చేతులు కడుక్కునేది. వేళ్ళ చివర్లకు చలి తెలిసేది. నడిచి ఇంటికి పోతుంటే దారిలో ఒక కిటికీ కింద మొక్క కనపడింది. అది అక్కడ ఎన్నేళ్ళుగా ఉందో.

ఇరవై ఏడో తేదీ పొద్దున్న చివరి వరసకొచ్చింది. ఆరు పెట్టెలు. రేపు తొమ్మిదీ నలభైకి రైలు. మొదటి మేకు మీది చీటీ తీసింది.

దాని వెనక ఇంకో చీటీ ఉంది.

రెండో మేకు. దాని వెనకా ఉంది. మూడు, నాలుగు, అయిదు, ఆరు. అన్నిటి వెనకా, ఒకదానికొకటి అతుక్కుని, బడి ఎగ్గొట్టి దాక్కున్న పిల్లల్లా, ఆరు చీటీలు. తమ్ముడి గుండ్రటి దస్తూరి.

"ఒరేయ్."

ముందు భాగంలో గొడుగు పుల్ల సరిచేస్తున్న చప్పుడు ఆగింది.

"ఇవెక్కడివిరా?"

తమ్ముడు వచ్చాడు. పలకను చూశాడు, అక్కను చూశాడు, చేతిలో గొడుగు తెరిచాడు, మూశాడు.

"అంటే… అడిగారక్కా."

"అడుగుతారు. పెట్టెలేవి?"

గొడుగుల గుట్ట వెనక టార్పాలిన్ ఎత్తాడు. నాలుగు నల్ల పెట్టెలు, ఒకే అచ్చులో పోసినట్టున్నవి, టూర్ల కంపెనీ మేనేజర్‌వి. ఒకటి బిల్డింగు ఓనరుది. ఒకటి నీలం సంచి. దాని పిడికి కట్టిన ఎర్ర గుడ్డముక్కను జిప్పక్క చూడగానే గుర్తుపట్టింది. పక్క కొట్టు జిరాక్స్ వదినది అది. రోజూ పదకొండింటికి ఇద్దరూ మెట్ల మీద కూర్చుని టీ తాగుతారు. కూతురికి కాన్పయింది, మనవడిని చూడ్డానికి వెళ్తున్నానని వారం నుంచి వీధి వీధంతా వినిపించేట్టు చెప్తోంది. సంచి సంగతి మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. చెప్పొద్దని తమ్ముడే అని ఉంటాడు.

"మేకులు నలభై ఎనిమిదేనని నీకు తెలుసుగా?"

"మేకులు పెంచలేదుగా అక్కా. నలభై ఎనిమిదే ఉన్నాయి."

"తెలివి."

"చివరి రోజు ఎలాగూ కాస్త ఎక్కువసేపు కూర్చుంటావనుకున్నా. ఎప్పుడూ కూర్చునేదానివేగా."

అతను చెడ్డగా అనలేదు. ఇరవై నాలుగేళ్ళుగా చూసిందే అన్నాడు. తన అలవాటు తమ్ముడికి నమ్మకమైపోయింది. పొద్దుపొడుపు మీద ఉన్నంత నమ్మకం.

ఆరు బదులు పన్నెండు. కూర్చుంటే అవుతాయి. అర్ధరాత్రి దాటుతుంది. పొద్దున్న ఒళ్ళు లేవదు, రైలు పోతుంది. "రేపొస్తానే అక్కా" అని ఫోను. అక్క గదిలో ఒక దుప్పటి మడిచి లోపల పెట్టేసిన చప్పుడు ఆవిడకు ఇక్కడికే వినిపించింది.

"నేను ఒప్పుకున్నవి ఆరు" అంది. "అవి చేస్తా. నువ్వు ఒప్పుకున్నవి ఆరు. అవి నీవి."

"నాకు జిప్పులు రావక్కా!"

"కుదరదనడం కూడా రాదు. ఇవాళ ఏదో ఒకటి నేర్చుకో."

కుట్టుమిషన్ దగ్గర కూర్చుంది. తమ్ముడు ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ముందు బిల్డింగు ఓనరుకు చేశాడు.

"నమస్తే సార్… మీ పెట్టె గురించి… ఆఁ, ఆఁ… రేపు పొద్దున్నకా… సరే సార్."

పెట్టేసి, దొంగలా వెనక్కి తిరిగాడు.

"ఏమన్నావు?"

"నోరు జారింది."

"మళ్ళీ చెయ్యి."

"అక్కా, ఆయన బిల్డింగు ఓనరు."

"బిల్డింగుకు ఓనరు. నా చేతులకు కాదు. ముందు నాకు చెప్పి చూపించు. నేనే ఓనర్ని. అడుగుతున్నా: ఏమయ్యా, నా పెట్టె అయిందా?"

"కు…"

"గట్టిగా."

"కుదర్లేదు సార్. తప్పు నాదే. ఒప్పుకోకుండా ఉండాల్సింది."

"బాగుంది. కళ్ళు తెరిచి చెప్పు. ఫోన్లో అయినా తెలుస్తుంది."

రెండోసారి చేసినప్పుడు అతని చెవులు ఎర్రగా కందిపోయాయి. ఓనరు ఏదో అరిచాడు, ఆ అరుపు లోపలి కుట్టుమిషన్ దాకా సన్నగా వచ్చింది. తమ్ముడు గోడకానుకుని నిలబడ్డాడు, దూకితే లోతు అంతేనా అని ఆశ్చర్యపోయినవాడిలా.

"అక్కా, చెప్పేశా."

"ఇంకా అయిదు."

టూర్ల మేనేజర్ ఫోన్లో వినే రకం కాదు. పన్నెండింటికి స్వయంగా వచ్చాడు. చలువ కళ్ళద్దాలు, చంకలో ఫైలు, నోటి నిండా నవ్వు. ఈ కొట్టుకొచ్చే పనిలో సగం ఆయనదే.

"అక్కా, ఏంటిది? మీ తమ్ముడేదో జోకులేస్తున్నాడు."

"వాడికి జోకులు రావండీ."

"నాలుగే పెట్టెలు. నాలుగు చక్రాలు. ఎల్లుండి మా బృందం బయల్దేరాలి. మీరు లేకపోతే మాకెవరున్నారు? మీరే దిక్కు!"

వచ్చేసింది ఆ మాట. జిప్పక్క దబ్బనం కింద పెట్టి, ఆయన్ని మొదటిసారి చూస్తున్నట్టు తలెత్తి చూసింది. ఛాతీలో దీపం వెలగలేదు.

"మేనేజర్‌గారూ, దిక్కులు ఇంకా చాలా ఉన్నాయి. బస్‌స్టాండ్ వెనక ఒకతను చేస్తాడు. అడ్రస్ రాసిస్తా."

నవ్వు నోటికొసల దగ్గర ఆగింది. "పనంతా అతనికే ఇవ్వాల్సొస్తుంది మరి. ఆలోచించుకోండి. ఏడాది పొడుగునా మీకే ఇస్తున్నా."

"ఏడాది పొడుగునా చేస్తున్నా కదండీ. ఏడాది చివర మాత్రం నాది. ఇచ్చేసుకోండి."

"పొగరనుకోరా ఎవరైనా?"

"అనుకోనివ్వండి. ఆ మాట నా చెవిన పడి చాలా కాలమైంది, వినడానికి కొత్తగా బాగుంటుంది."

ఆయన నాలుగు పెట్టెలూ రెండు చేతులతో ఈడ్చుకుంటూ పోయాడు. నాలుగు చక్రాల కీచు వీధి మలుపుదాకా వినిపించింది. తర్వాత అదీ వినపడకుండా పోయింది. సగం పని అలా పోయింది. కిటికీ ఊచల నీడ కుట్టుమిషన్ మీద ఒక గీత నుంచి ఇంకో గీతకు జరిగింది. అప్పుడు దారం ఎక్కించింది.

మూడున్నరకు ఆరో పెట్టె అయిపోయింది. చివరి మేకు ఖాళీ. అరగంట మిగిలింది.

నీలం సంచి టార్పాలిన్ కిందనుంచి ఆవిడ వైపే చూస్తోంది. జబ్బేమిటో దూరంనుంచే తెలుసు. రన్నర్ నోరు వదులైంది. పట్టకారుతో రెండుచోట్ల నొక్కితే చాలు. పది నిమిషాల పని. చెయ్యి దానంతటదే పట్టకారు వైపు పోయింది. వేళ్ళు దాని చల్లదనాన్ని తాకాయి కూడా.

పది నిమిషాలు. ఆవిడకు ఆ పది నిమిషాలు బాగా తెలుసు. వాటికి అడుగు ఉండదు. ఈ పది నిమిషాలయ్యాక గుమ్మంలో ఇంకొకరుంటారు, ఇంకో పది నిమిషాలు పట్టుకుని. ఇలాంటి పదేసి నిమిషాల్లోనే ఎనిమిదేళ్ళు, సముద్రం, ఒక మంచం మునిగిపోయాయి. వేళ్ళు వెనక్కి తీసుకుంది.

అప్పుడే జిరాక్స్ వదిన వచ్చింది, కాగితాల వేడి వాసనతో.

"అయిందా నా సంచి? బట్టలన్నీ మంచం మీదే ఉన్నాయి."

"కాలేదు వదినా. నేను చెయ్యను. ఇంక అరగంటలో కట్టేస్తున్నా."

వదిన నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగింది.

"అరగంట ఉందిగా. నాక్కూడానా?"

"నీక్కూడా."

"పదేళ్ళనుంచి టీ తాగుతున్నాం జిప్పక్కా. వాళ్ళందరికీ కాదన్నావంటే అర్థముంది. నేను వాళ్ళలో ఒకదాన్నా?"

"నీకు చేస్తే పని చేసినట్టే ఉండదు వదినా. అందుకే నీకు కాదనడమే కష్టం." ఆవిడ పట్టకారును బల్ల అవతలికి జరిపింది. "నువ్వు నీ మనవడి దగ్గరికి వెళ్ళాలి. నేను మా అక్క దగ్గరికి వెళ్ళాలి. ఎనిమిదేళ్ళుగా అందరి ప్రయాణాలూ నా చేతుల మీదుగా పోయాయి, నాది తప్ప. ఇవాళ ఒక్కదానికి కూడా వంగితే, మళ్ళీ లేవను."

వదిన సంచి దగ్గరికి వెళ్ళింది. ఎర్ర గుడ్డముక్కను ఒకసారి లాగి చూసి, సంచి అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ మౌనం మేనేజర్ బెదిరింపు కన్నా బరువుగా గుమ్మంలో నిలబడింది. జిప్పక్క దాన్ని తోసెయ్యలేదు. దాని పక్కనుంచే చీపురు పట్టి నేల ఊడ్చింది, దారపు పోగులు పోగుచేసింది, రన్నర్ల డబ్బా మూత పెట్టింది. పలక మీద మేకులన్నీ ఖాళీగా, తోమిన పళ్ళలా మెరుస్తున్నాయి.

నాలుగైంది. కొట్టు తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టింది.

"రెండు మిగిలాయి. ఓనరుది, వదినది" అన్నాడు తమ్ముడు నీరసంగా. "ఇప్పుడు నేనేం చెయ్యాలక్కా?"

"పట్టకారు బల్ల మీద ఉంది. చేతులు నీకున్నాయి. రాకపోతే, నీ పెట్టె ఖాళీ చేసి వదినకివ్వు. ఏదో ఒకటి నువ్వే ఆలోచించు. నాకు చెప్పకు."

"ఫోన్ చెయ్యొచ్చా?"

"కుదరదు" అంది జిప్పక్క, అదెలా పలకాలో తమ్ముడికి మరోసారి నేర్పుతున్నట్టు.

మర్నాడు తొమ్మిదీ నలభై రైల్లో, ఆకుపచ్చ పెట్టెను కాళ్ళ దగ్గర పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బోగీ నిండా పెట్టెలు. పై అరల్లో, సీట్ల కింద, నడిచే దారిలో. వాటిలో సగం కీచుమంటాయి, రెండిటికి పిడులు ఊగుతున్నాయి, ఒకదాని జిప్పు ఇంకో గంటలో విచ్చుకుంటుంది. ఆవిడ అన్నీ విన్నది. ఒక్కదాన్నీ తాకలేదు. తర్వాత కళ్ళు మూసుకుంది. సాయంత్రం అయిదింటికి ప్లాట్‌ఫాం మీద అక్క ఒక్కతే నిలబడి ఉంది. చెల్లెలు దిగేదాకా నమ్మలేదట. దిగాక కూడా, ముందు మనిషిని కాదు, పెట్టెను ముట్టుకుని చూసిందట.

కొత్త సంవత్సరం రెండో రోజు, ఈ నాలుగు ముక్కలు రాయడానికి కొన్ని వివరాలు అడగాలని నేను ఫోన్ చేస్తే, అవతల ముందు గాలి హోరు, అలల చప్పుడు వచ్చాయి. చాలాసేపు మోగాక గానీ ఎత్తలేదు. ఫ్యాక్టరీలో ఎన్నేళ్ళు చేశారంటే చెప్పింది, పలక ఎవరు కొట్టారంటే చెప్పింది. ఆఖరికి, ఆ మిగిలిన రెండు పెట్టెల సంగతేమైంది, వదిన వెళ్ళిందా, మేనేజర్ మళ్ళీ వస్తాడా అని అడిగాను. అలల మధ్యనుంచి ఎవరో ఆవిణ్ణి పిలుస్తున్నారు.

"నాకు తెలీదండీ, కనుక్కోలేదు. కొట్టు సంగతి కావాలంటే మా తమ్ముణ్ణి అడగండి, కుదరదని చెప్పడం కూడా ఇప్పుడు వాడికొచ్చు. నేను సెలవులో ఉన్నా. ఇంక పెట్టేస్తా, అక్క నీళ్ళలోకి రమ్మంటోంది."